వేప్ ఒక్కటేనా, వెనక ఇంకేమైనా ఉందా?

ఎదిగే పిల్లల మనసు గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు హనుమకొండ మానసిక వైద్యురాలి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: వేప్, అంటే బ్యాటరీతో ద్రవాన్ని వేడిచేసి పీల్చే చిన్న పరికరం. కొందరు దాన్ని ఈ-సిగరెట్ అన్నారు, కొందరు పెన్ అన్నారు, ఒక తాతగారు 'పొగ పెన్సిల్' అని రాశారు. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి వీటికే జవాబు రాస్తున్నాను. రాసినవాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: మేడమ్, మా బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మొన్న ఆదివారం వాడి కాలేజీ బ్యాగు ఉతుకుదామని దులిపితే ఆకుపచ్చ హైలైటర్ లాంటిది కింద పడ్డది. మూత తీస్తే మామిడిపండు వాసన. 'గిదేందిరా' అంటే 'నాది కాదమ్మా, దోస్తుది, దాచిపెట్టమన్నడు' అన్నాడు. వాళ్ల నాన్న బెల్టు తీసుకుని కొట్టారు. ఆయనకు రోజుకో పెట్టె సిగరెట్లు కావాలి. మా తమ్ముడేమో 'ఇయ్యాల ఇది, రేపు గంజాయి. అక్కా, వెంటనే హైదరాబాద్ హాస్టల్ల పడెయ్' అంటున్నాడు. కొట్టిన రోజు నుంచి వాడు నాతో కూడా సరిగా మాట్లాడటం లేదు. నిజంగానే గంజాయికి పోతాడా?
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ తమ్ముడి భయంలో కొంత నిజముంది. ఆయన చెప్పిన ఉపాయంతో మాత్రం నేను ఏకీభవించను.

ముందు భయం సంగతి. వేప్ పీల్చే పిల్లలను కొంతకాలం పాటు గమనించిన పరిశోధనలు అమెరికాలో చాలా జరిగాయి. 2017లో వాటిని కలిపి లెక్కగడితే, అంతకుముందు సిగరెట్ ముట్టకుండా వేప్ పీల్చినవాళ్లలో నూటికి 30 మంది దాకా తర్వాత సిగరెట్ అంటించారు. వేప్ ముట్టనివాళ్లలో ఆ సంఖ్య 8. గంజాయి మీద 2019లో ఇలాంటి లెక్కే మరొకటి వచ్చింది. వేప్ వాడే పిల్లలు గంజాయి వాడే అవకాశం దాదాపు మూడున్నర రెట్లు అని అందులో తేలింది. మన దగ్గర ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా బయలుదేరిన గంజాయి వరంగల్ రోడ్ల మీద, కాజీపేట స్టేషన్‌లో పట్టుబడిందన్న వార్త మనం తరచూ చదివేదే.

అయినా గుండె చిక్కబట్టుకోండి. 30 మంది సిగరెట్ అంటించారంటే 70 మంది అంటించలేదనే కదా. ఆ డెబ్బై మందికీ ఈ ముప్పై మందికీ తేడా ఎక్కడ వచ్చిందన్నదే మీ బాబు విషయంలో మనం పట్టుకోవాల్సింది.

ఆ తేడాలో కొంత నికోటిన్ పని. సిగరెట్‌లోనూ వేప్‌లోనూ ఉండి అలవాటు చేసే రసాయనం అదే. మనిషి మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆవేశాన్ని ఆపుకునే భాగం అన్నిటికంటే ఆలస్యంగా పక్వానికి వస్తుంది. ఆ వయసులో నికోటిన్ అలవాటైతే మెదడు ఆ సుఖాన్ని తొందరగా నేర్చుకుంటుంది, మరిచిపోవడానికి మొండికేస్తుంది. 2011లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకలకు కొన్ని రోజులు నికోటిన్ ఇచ్చి తర్వాత కొకైన్ ఇస్తే కొకైన్ ప్రభావం పెరిగింది. వరుస మార్చి ముందు కొకైన్, తర్వాత నికోటిన్ ఇస్తే అలా జరగలేదు. పిల్లలు ఎలుకలు కారు కాబట్టి దీన్ని సూటిగా మనవాళ్లకు అంటగట్టను. కానీ ఆ దిశగా ఆలోచించడానికి ఆధారం ఉందని మాత్రం చెబుతాను.

మిగతా తేడా పిల్లవాడి బతుకులో ఉంటుంది. వేప్ పట్టుకోవడానికి కారణమైనవే గంజాయి పట్టుకోవడానికీ కారణం కావచ్చు. మనసు బాగోలేకపోవడం, లోలోపల ఆందోళన, కుదురుగా కూర్చోలేని తత్వం, ఏదైనా సరే ఒకసారి చూసేద్దామనే దూకుడు వీటిలో ముఖ్యం. స్నేహితుల్లో ఎక్కువమంది వాడుతుండటం, ఇంట్లో తాగుడు లేదా దెబ్బలు ఉండటం కూడా లెక్కలోకి వస్తాయి. రక్తసంబంధీకుల్లో ఎవరైనా మద్యానికో మత్తుకో బానిసలై ఉంటే ఆ బలహీనత కొంత వంశంలోనే వస్తుంది. పదహారు దాటాక ఒకటి రెండుసార్లు రుచి చూసినవాడి కంటే పద్నాలుగులోపే మొదలుపెట్టినవాడి గురించి నేను ఎక్కువ కంగారుపడతాను. దోస్తులతో నవ్వుకుంటూ పీల్చేవాడి కంటే ఎవరూ లేనప్పుడు ఒంటరిగా పీల్చేవాడి గురించి ఇంకా ఎక్కువ. వేప్‌తోపాటు సిగరెట్టో, బీరో, దావత్‌లో కల్లో కూడా నడుస్తుంటే అక్కడ ఆగి చూడాలి. మన ఇళ్లల్లో పండగకు పిల్లవాడి చేతికి కల్లు గ్లాసు అందించి 'ఏం కాదు, చెట్టు కల్లే' అంటారు. పదిహేనేళ్ల మెదడుకు అది చెట్టు కల్లా, అల్ప్రజోలం అనే నిద్రమందు కలిపిన మందు కల్లా అన్న తేడా తర్వాత సంగతి, రెండూ మత్తే.

ఇక మీ ఉత్తరంలో నాకు కనిపించినవి. ఇంట్లో సిగరెట్ వాసన ముందు నుంచీ ఉంది. బెల్టు లేచింది. పిల్లవాడి నోరు మూతపడింది. ఈ మూడింటిలో ఏదీ మంచిది కాదు, మూడూ మీ చేతుల్లో ఉన్నవే. మీ వారికి నా మాటగా చెప్పండి, కొడుకు మానాలంటే ఆయన సిగరెట్ మానడం కంటే బలమైన పాఠం లేదు. 1800-11-2356 పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. తండ్రీకొడుకులు ఒకే రోజు మొదలుపెట్టి ఒకరినొకరు కనిపెట్టుకున్న ఇళ్లు నేను చూశాను. వాళ్ల మధ్య అంతకుముందు లేని మాటలు పుట్టాయి.

నాకు తెలియనివి మీరే కనుక్కోవాలి. ఎప్పుడు మొదలైంది, ఎవరిచ్చారు, ఎప్పుడు పీల్చబుద్ధి అవుతుంది, వేరే ఏమైనా రుచి చూశాడా. అడగడానికి ఎదురుగా కూర్చోబెట్టి విచారణ పెట్టకండి. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, మీరు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వాడు పక్కన ఉన్నప్పుడో, ఒకరి ముఖం ఒకరు చూడనవసరం లేని పనిలో ఉండి అడగండి. 'బిడ్డా, నాయిన కొట్టింది తప్పే. నేను తిట్ట. నీకు అది ఎప్పుడు గావాలనిపిస్తది?' ఇంతే. తర్వాత మీరు ఊరుకోండి. మగపిల్లలు జవాబు చెప్పడానికి చాలాసేపు తీసుకుంటారు, ఆ సేపు మనం మాట్లాడేస్తే వాళ్లకు బతుకుజీవుడా అనిపిస్తుంది. 'దోస్తుది' అన్న మాటను అబద్ధమని నిలదీయకండి. సగం నిజమై ఉండొచ్చు, ఒక పరికరాన్ని నలుగురు పంచుకోవడం మామూలే.

హాస్టల్ మాట మానుకోండి. కొత్త ఊరు, కొత్త గది, అమ్మ చేతి అన్నం లేదు, తప్పు చేశానని పంపించేశారన్న బాధ మాత్రం వెంట ఉంటుంది. అలాంటి పిల్లవాడికి మొదట స్నేహం చేసేది ఎవరో మీరూ ఊహించగలరు. రాత్రి భోజనం కలిసి తినండి. తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలన్న నియమం పెట్టండి, దాన్ని మీరూ పాటించండి. నిద్ర తగ్గినా, మార్కులు హఠాత్తుగా పడిపోయినా, పాత స్నేహితులను వదిలేసినా, డబ్బులు మాయమవుతున్నా మాత్రం ఆలస్యం చేయొద్దు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికైనా తీసుకెళ్లండి.

ప్రశ్న: మాది మెట్‌పల్లి దగ్గర. నేను బీడీలు చుడతా. మా పెద్దోడికి 18 నిండలేదు, మొబైల్ షాపులో చేస్తడు. వేప్ తాగొద్దంటే 'నీ బీడీ కంటే గిదే నయం, ఇండ్ల ఉత్త ఆవిరే' అంటడు. అది నిజమా మేడం? (ఉత్తరం నా బిడ్డతోని రాపిస్తున్న.)
— ఒక బీడీ కార్మికురాలు

జవాబు: అక్కా, మీవాడు సగం మాట పట్టుకున్నాడు. బీడీలో ఆకు, తంబాకు కాలి తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. వేప్‌లో ఏదీ కాలదు కాబట్టి అవి తక్కువే. ఏళ్లుగా బీడీ తాగుతున్న పెద్దమనిషి గురించైతే ఆ పోలికకు కొంత అర్థముంది. బీడీ ముట్టని పదిహేడేళ్ల పిల్లవాడికి 'నయం' అనడానికి ఏముంది?

అందులో ఉన్నది ఆవిరి కూడా కాదు. లోపల చిన్న బ్యాటరీ, దానికి తగిలించిన లోహపు తీగ, పక్కన దూది. ఆ దూదిలో ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే చిక్కటి ద్రవాలు, మామిడి, పుదీనా, పుచ్చకాయ వాసనల రసాయనాలు, నికోటిన్. పీల్చగానే తీగ వేడెక్కి ఆ ద్రవం సన్నని తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తీగ నుంచి నికెల్, క్రోమియం లాంటి లోహాల రేణువులు కూడా అందులో దొరికాయి. పెట్టె మీద 5 శాతం అని ఉంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 20 దాటితే అమ్మనివ్వరు. మామూలుగా అంత నికోటిన్ పీలిస్తే గొంతు మండి దగ్గు రావాలి. అది రాకుండా యాసిడ్ కలిపి ఉప్పు రూపంలోకి మారుస్తారు. అందుకే మొదటి దమ్ముకే దగ్గి పారేయాల్సిన పిల్లవాడు హాయిగా రెండోది లాగుతాడు.

మన దేశంలో 2019 నుంచి వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ నేరం. అమ్మితే మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీవాడు పనిచేసే షాపులో కౌంటర్ కింద ఇవి ఉంటే, యజమానితోపాటు వాడూ చిక్కుకుంటాడు. ఆ మాట ఇవాళే చెప్పండి. దొంగచాటు సరుకులో ఏం పోశారో ఎవరికీ తెలియదు. అమెరికాలో 2019లో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు ఒక్కసారిగా పెరిగాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. మరణాలు 68. ఎక్కువమంది గంజాయి నూనె నింపినవి పీల్చినవాళ్లు, అందులో కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌ను ప్రధాన కారణంగా పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో బడిపిల్లల దగ్గర లాక్కున్న వేప్‌లను బాత్ విశ్వవిద్యాలయం పరీక్షిస్తే ఆరింట ఒకదానిలో స్పైస్ అనే కృత్రిమ మత్తు ఉందని 2024లో చెప్పారు. పీల్చిన పిల్లలకు ఆ సంగతి తెలియకపోయి ఉండొచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ద్రవం సీసా వాళ్ల చేతికి అందకూడదు, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మీకు కూడా ఒక మాట. చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా ఆ తంబాకు దుమ్ములో కూర్చుంటారు, దగ్గు ఉంటే అశ్రద్ధ చేయకుండా చూపించుకోండి.

ప్రశ్న: జగిత్యాల జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ను. కాలేజీ బాత్రూమ్‌లో వేప్ పీలుస్తూ నలుగురు సెకండియర్ పిల్లలు దొరికారు. నలుగురికీ టీసీ ఇచ్చి పంపేద్దామని యాజమాన్యం అంటోంది. 'ఒక్క కుళ్లిన పండు చాలు సార్' అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కానీ ఏ పిల్లవాడి విషయంలో ఎంత భయపడాలో ఎలా తెలుస్తుంది?
— ఒక లెక్చరర్

జవాబు: సార్, మీకు మనసొప్పకపోవడం సరైనదే. దయచేసి ఆ టీసీలు ఆపించండి. చదువుతో, కాలేజీతో పిల్లవాడికి ఉన్న బంధం మత్తు నుంచి కాపాడే వాటిలో గట్టిది. టీసీ అంటే మనమే దాన్ని తెంపి చేతిలో పెట్టడం. పగలంతా ఖాళీ, ఇంట్లో అవమానం, పాత దోస్తులు దూరం. ఆ తర్వాత వాడికి ఏమైనా అయితే 'చూశారా, మేం ముందే చెప్పాం' అంటారు.

దొరికింది నలుగురు ఒకే బాత్రూమ్‌లో కావచ్చు, నలుగురి కథలు ఒకటి కావు. నా దగ్గరకు ఇలా ఒకే గుంపులోంచి ఇద్దరిని తీసుకొచ్చిన సందర్భం ఉంది. ఒకడు ఫోన్‌లో వీడియో తీయడానికి పొగ రింగులు వదలడం నేర్చుకుంటున్నాడు. నేను అడుగుతుంటే సిగ్గుతో నవ్వాడు, క్రికెట్ గురించి ఎక్కువ మాట్లాడాడు. రెండోవాడు ఫుల్ హ్యాండ్ చొక్కా వేసుకున్నాడు, ఎండాకాలంలో. మాట్లాడుతూనే కుడి చేతి బొటనవేలితో ఎడమ మణికట్టు దగ్గర చొక్కా అంచును తడుముకుంటున్నాడు, పరికరం అక్కడ పెట్టుకోవడం అలవాటై. తండ్రి దుబాయ్‌లో, తల్లికి ఆరోగ్యం బాగుండదు, నానమ్మ దగ్గర పెరుగుతున్నాడు. తండ్రి పంపే డబ్బు నేరుగా వాడి ఫోన్‌లోకే వస్తుంది, అడిగేవాళ్లు లేరు. పదమూడేళ్లకు సిగరెట్, పద్నాలుగుకు వేప్, మధ్యలో ఒక వేసవిలో పంక్చర్ సొల్యూషన్ వాసన. 'ఎందుకు తాగుతవ్' అంటే 'ఇంటికి పోయినంక మస్తు గుబులైతది' అన్నాడు. మొదటివాడికి ఒక మంచి మాట, కొంచెం నిఘా చాలు. రెండోవాడికి వైద్యం కావాలి, పెద్దదిక్కు కావాలి. ఇద్దరికీ ఒకే శిక్ష వేస్తే ఎవరికి మేలు?

సొల్యూషన్ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన మత్తు సర్వేలో పెద్దల కంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించినది ఈ వాసన పీల్చే మత్తు ఒక్కటే. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. వైట్‌నర్, పంక్చర్ గమ్, పెయింట్ థిన్నర్ లాంటివి. వేప్‌కు డబ్బులు అందనప్పుడు చేయి వీటి మీద పడుతుంది, అందుకే వేప్ గురించి అడిగినప్పుడు వీటి గురించి కూడా అడగండి.

ఎలా తెలుసుకోవాలంటే, 12 నుంచి 21 ఏళ్ల వాళ్ల కోసం బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు తయారుచేసిన చిన్న ప్రశ్నావళి ఉంది, క్రాఫ్ట్ అంటారు. మన పిల్లలకు తగ్గట్టు నేను ఇలా అడుగుతాను. మత్తులో ఉన్నవాడి బండి ఎక్కావా, లేదా నువ్వే అలా నడిపావా? మనసు తేలికపడటానికో, నలుగురిలో కలవడానికో వాడతావా? ఒంటరిగా ఉన్నప్పుడు వాడతావా? వాడినప్పుడు చేసినవి తర్వాత గుర్తులేకుండా పోయాయా? తగ్గించుకోమని ఇంట్లోవాళ్లో దోస్తులో అన్నారా? వాడినప్పుడు ఏదైనా గొడవలో చిక్కుకున్నావా? మద్యం, మత్తు విషయంలో వీటిలో రెండింటికి అవును అంటే వైద్యుల దగ్గరకు పంపాలి. ఒంటరిగా వాడతాననే జవాబు వస్తే నేనైతే రెండోదాని కోసం ఆగను.

నలుగురినీ విడివిడిగా పిలవండి, తలుపు ఓరగా తెరిచి ఉంచి, రిజిస్టర్ మూసేసి. రాసుకుంటూ అడిగితే ఒక్కడూ నిజం చెప్పడు.

యాజమాన్యానికి కోపం చూపించడానికి వేరే చోటు ఉంది. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు వస్తువులు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. పిల్లలకు పొగాకు, మత్తు ఇచ్చినవాళ్లకు బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు శిక్ష ఉంది. మీ గేటు ముందు పాన్ డబ్బాలు చూడండి, పిల్లలకు ఇవి తెచ్చిస్తున్న పెద్దవాడెవడో కనుక్కోండి. ఆ ఫిర్యాదు కాలేజీ లెటర్‌హెడ్ మీద పోవాలి, ఒక్క లెక్చరర్ పేరు మీద కాదు.

కాలేజీ, ఊరు కలిసి ఏం చేయగలవో చూపించిన దేశం ఐస్‌లాండ్. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో నూటికి 42 మంది గడిచిన నెలలో తాగి తూలామని చెప్పారు. 2016కు అది 5కు దిగింది. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 శాతం నుంచి 3 శాతానికి వచ్చారు. ఉపన్యాసాలు ఇచ్చి ఊరుకోలేదు వాళ్లు. సాయంత్రాలు ఆటలకు, పాటలకు డబ్బు పెట్టారు, రాత్రిళ్లు పిల్లలు బయట తిరగకుండా తల్లిదండ్రులంతా ఒక మాట మీద నిలబడ్డారు. మన జూనియర్ కాలేజీల్లో ఎన్నింటికి గ్రౌండ్ ఉంది? పొద్దున నుంచి రాత్రి దాకా క్లాసు, స్టడీ అవర్, మళ్లీ క్లాసు. పిల్లవాడు తనకంటూ ఉండగలిగేది బాత్రూమ్ ఒక్కటే అయినప్పుడు వాడు అక్కడే దొరుకుతాడు. మీ మేనేజ్‌మెంట్‌ను రోజూ ఒక గంట ఆటకు ఒప్పించగలిగితే అది ఏ కౌన్సెలింగ్‌కూ తీసిపోదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 17. వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి నీట్‌కు చదువుతున్నా. టెన్త్ సెలవుల్లో మా బావ వేప్ ఇచ్చాడు. ఇప్పుడు లేవగానే కావాలి. స్టడీ అవర్ మధ్యలో పోయి రెండు దమ్ములు కొడితే తప్ప చదువు ఎక్కదు. టెన్షన్ తగ్గుతుంది. రాత్రి నిద్ర రాదు, ఊరికే ఏడుపొస్తుంది. పోయిన నెల సీనియర్ ఒకతను వేరే కార్ట్రిడ్జ్ ఇచ్చి గంజాయి నూనె అన్నాడు. గుండె దడదడ కొట్టుకుని చచ్చిపోతాననుకున్నా. మళ్లీ దాన్ని ముట్టలేదు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు. మీ దగ్గరకొస్తే పోలీసులకు చెబుతారా?
— పేరు రాయలేను

జవాబు: బాబూ, చెప్పను. వైద్యం కోసం వచ్చిన పిల్లవాడిని పోలీసులకు అప్పగించడం మా పని కాదు. నీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం మమ్మల్ని కట్టడి చేస్తుంది. మత్తు పదార్థాల చట్టంలో కూడా, వాడకం మానడానికి తనంతట తాను చికిత్సకు వచ్చినవాళ్లకు శిక్ష నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ ఉంది, 64ఏ. ఒక్క విషయం దాచను. నీకు 18 నిండలేదు కాబట్టి చికిత్స మొదలుపెట్టాలంటే అమ్మో నాన్నో ఒప్పుకోవాలి. వాళ్లకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది నువ్వూ నేనూ ముందు కూర్చుని అనుకుందాం. చదువు మాన్పించకూడదని చెప్పే బాధ్యత నాది. చాలామంది తల్లిదండ్రులు డాక్టర్ నోట వింటే వేరేగా వింటారు.

ఆ ఏడుపు, నిద్ర లేకపోవడం గురించి ముందు మాట్లాడాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తుంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్క మంచం మీద ఉన్న దోస్తును లేపి నీతో కూర్చోమను. అలాంటి ఆలోచన రాకపోయినా ఆ నంబరుకు చెయ్, హాస్టల్ నుంచే మొదటి అడుగు వేయడానికి అది మంచి దారి.

'టెన్షన్ తగ్గుతుంది' అన్నావు. ఆ మాట దగ్గర కొంచెం ఆగుదాం. రక్తంలో చేరిన నికోటిన్ సుమారు రెండు గంటలకు సగం అవుతుంది. అది తగ్గుతుంటే చిరాకు, చేతులు ఊరికే ఉండలేకపోవడం, పుస్తకం మీద చూపు నిలవకపోవడం మొదలవుతాయి. స్టడీ అవర్‌లో కూర్చున్న కాసేపటికి నీకు వచ్చేది అదే. నువ్వు దాన్ని బయాలజీ మీద భయం అనుకుంటున్నావు. బాత్రూమ్‌కు పోయి రెండు దమ్ములు కొట్టగానే ఆ చిరాకు పోతుంది, చదువు ఎక్కినట్టుంటుంది, మళ్లీ రెండు గంటలకు అదే కథ. నీట్ టెన్షన్ నిజంగా ఉంది, అది ఎక్కడికీ పోలేదు. దాని మీద వేప్ ఇంకో టెన్షన్‌ను తయారుచేసి, దానికి మందు కూడా తనే అమ్ముతోంది. పడుకునే ముందు పీలిస్తే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మనసు ఇంకా కుంగుతుంది.

లేవగానే కావాలనిపించడం, ఒంటరిగా పీల్చడం, పదిహేనేళ్లకే మొదలవడం, మనసు బాగోలేకపోవడం, గంజాయి దాకా ఒకసారి పోవడం. ఇవన్నీ కలిపి చూస్తే నువ్వు సొంతంగా పోరాడాల్సిన స్థితి దాటావు, సాయం తీసుకోవాలి. నిన్ను భయపెట్టడానికి ఇది రాయడం లేదు. నీ అంతట నువ్వే ఇదంతా కాగితం మీద పెట్టి అడిగావు. అలా అడిగినవాళ్లతో పని చేయడం మాకు ఎంతో సులువు.

ఆ కార్ట్రిడ్జ్ వల్ల నీకు జరిగింది కొత్త కాదు. నూనె రూపంలో ఉన్నదాన్లో మత్తు మోతాదు ఆకులో కంటే చాలా ఎక్కువ ఉండొచ్చు, అసలు అది గంజాయో కాదో కూడా ఆ సీనియర్‌కు తెలిసి ఉండదు. మళ్లీ ఎవరైనా పీల్చి అలా అయిపోతే, ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, వార్డెన్ తిడతాడని ఆలోచించకుండా 108కు ఫోన్ చేయండి.

మానడానికి పరీక్ష లేని వారం ఎంచుకో. మొదటి మూడు రోజులు గడ్డుగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. కోరిక పుట్టినప్పుడు అది కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కొన్ని నిమిషాలు వరండాలో నడువు, నీళ్లు తాగు, ఎవరికైనా ఫోన్ చెయ్. సిగరెట్‌కు మారకు. 'నికోటిన్ లేనిది' అని ఇచ్చినదాన్ని కూడా నమ్మకు, అలా రాసి ఉన్నవాటిలోనూ నికోటిన్ దొరికింది. మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ నీ అంతట నువ్వు కొనుక్కోకు, నీ వయసుకు అది డాక్టర్ చూసి ఇవ్వాల్సింది. మీ బావకు కూడా నువ్వు మానుతున్నావని ముందే చెప్పు. లేకపోతే పండక్కి ఇంటికి పోయినప్పుడు ప్రేమగా మళ్లీ చేతిలో పెడతాడు.

మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 అనే ప్రభుత్వ నంబరు కూడా ఉంది. వచ్చే ఔటింగ్ రోజున ఎంజీఎం మానసిక విభాగం ఓపీకి వెళ్లు, పొద్దున్నే వెళితే రద్దీ తక్కువ. నువ్వు పీల్చే పరికరం ఫోటో, దాని పెట్టె మీద ఎంత శాతం అని రాసి ఉందో అది, రోజుకు ఎన్నిసార్లు లాగుతున్నావో ఒక చీటీ మీద రాసుకుని తీసుకుపో. ఎంత నికోటిన్‌కు అలవాటు పడ్డావో తెలిస్తే డాక్టర్‌కు చికిత్స నిర్ణయించడం తేలికవుతుంది.